గుర్వయ్య చేతికి దినాలు

గుర్వయ్య కుడిచెయ్యి ఎలా పోయిందన్నది వినేవాడి ఊరిని బట్టి మారేది. అడవి తెలియని వాడు దొరికితే నల్లమలలో చిరుతపులి కొరికింది. అప్పుడు ఆ పులికి పట్టిన గతి కూడా వినవలసి వచ్చేది. మిగిలిన చేత్తో దాని చెవి మెలిపెడితే, పంతులు కొట్టిన బడిపిల్లవాడిలా మూలుగుతూ వెనక్కి తిరిగిందట. నది ఎరుగని వాడు దొరికితే ఆలంపూర్ యాత్రలో తుంగభద్ర మొసలి పట్టింది. హుజూర్‌నగర్ నుంచి ధాన్యం బండి తోలుకొచ్చిన ఒకతనికి మాత్రం, కృష్ణ దగ్గరి మనిషి గనక మొసళ్ల సంగతి తెలిసి ఉంటుందేమోనని అనుమానపడి, ఏనుగు అని చెప్పాడు. ఈ రాళ్ల దిబ్బల్లోకి ఏనుగు ఎక్కడిదని ఆ బండివాడు అడగలేదు. ఎడ్లకు నీళ్లు పెట్టుకొని మర్యాదగా వెళ్లిపోయాడు.

సొంత ఊరు జీలకుంటలో ఈ కథలు నడిచేవి కావు. అసలు సంగతి అక్కడ అందరికీ తెలుసు. అది తుమ్మముల్లు.

కల్వకుర్తికి పోయే బండిబాట పక్కన చిన్న ఊరు జీలకుంట. గుర్వయ్యకు అక్కడ గొర్రెల మంద, కొన్ని మేకలు, ఇంత ఆముదం చేను ఉండేవి. నయాపైసలు కొత్తగా వచ్చి, సంతలో ఆడవాళ్లు వాటిని అటు తిప్పి ఇటు తిప్పి అనుమానంగా చూస్తున్న రోజులవి. ఎండాకాలంలో మేకలకు తుమ్మకొమ్మలు కొడుతుంటే ముల్లు అరచేతిలో దిగి విరిగిపోయింది. తోడేళ్లను తరిమిన కథలు చెప్పుకునే మనిషి ముల్లు గుచ్చుకుందని ఏడిస్తే ఏం బాగుంటుందని గుర్వయ్య ఎవరికీ చెప్పలేదు. కాస్త మట్టి రాసుకొని ఊరుకున్నాడు. చెయ్యి ఉబ్బింది, నల్లబడింది. జ్వరం తలకెక్కింది. భార్య సుక్కమ్మ చెల్లెలి పురుడుకని తల్లిగారింటికి పోయి ఉంది. ఇరుగుపొరుగు వాళ్లే బండిలో వేసి దూరాన ఉన్న పెద్ద దవాఖానకు చేర్చారు. డాక్టరు చూసి, మనిషి కావాలా చెయ్యి కావాలా అని అడిగాడు. మోచేతికి దిగువన కోసి మనిషిని ఇంటికి పంపించాడు.

సుక్కమ్మ పరుగున వచ్చింది. మొగుడు బతికి ఉన్నందుకు ఏడ్చింది. కట్టు చూసి మళ్లీ ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకొని అడిగింది.

"ఉంగరమేది?"

పెండ్లినాడు ఆమె తండ్రి పెట్టిన వెండి ఉంగరం అది. మామగారు తన సన్నటి వేలికి కొలత పెట్టి చేయించినందువల్ల, గుర్వయ్య లావు వేళ్లలో ఒక్క చిటికెన వేలికే పట్టింది. పట్టాక మరి ఊడలేదు.

"చేతికే ఉండె," అన్నాడు గుర్వయ్య.

"చెయ్యేది?"

"దవాఖానోళ్లు కోసిండ్రు గదనే."

"ఉంగరం తియ్యకుండనే కోసిండ్రా?"

"వేలు ఉబ్బి అది కండల్ల మునిగిపాయె. ఎవనికి కనపడ్డది?"

చెప్పింది అక్షరాలా నిజం. అయితే అంతకుముందు ఏడాది ఇదే నోటితో, మంచి పొట్టేలుపిల్లను తోడేలు ఎత్తుకుపోయిందని కూడా చెప్పాడు. ఆ తోడేలు మసాలా నూరుకొని, కల్లు దుకాణం వెనక పొయ్యి పెట్టుకొని, నలుగురు స్నేహితులను పిలుచుకున్నట్టు సుక్కమ్మకు తర్వాత తెలిసింది. అందుకని ఉంగరం కూడా ఆ దారినే పోయిందని ఆమె అనుకుంది. ముల్లు గుచ్చుకోక ముందే అది కల్లు దుకాణంలో దిగిందని తీర్మానించుకుంది. ఆ తర్వాత ఆమె గుర్వయ్యకు ఏ లోటూ చేయలేదు. అన్నం కలిపి ముద్దలు పెట్టింది. ఒంటికి నీళ్లు పోసింది. తలకు నూనె రాసింది. నమ్మడం ఒక్కటే మానేసింది. వాన మబ్బు పట్టిందని ఆయన చెబితే, వాకిట్లోకి వచ్చి తల ఎత్తి చూసుకొని గానీ వడ్లు లోపలికి తీసేది కాదు.

గుర్వయ్యకు చెయ్యి పోయినదానికంటే ఇది ఎక్కువ బాధ పెట్టింది. ఊళ్లో ఎవరు నమ్మకపోయినా ఆయనకు పట్టేది కాదు. నమ్మని వాళ్లకు చెబితేనే కథ రుచి. కానీ పొద్దున లేస్తే ఎదురుగా ఉండే మనిషి, తాను చెప్పిన ఒకే ఒక్క నిజాన్ని పట్టుకొని ఇది అబద్ధం అంటే మింగుడు పడలేదు. ఉంగరం మాట ఎత్తితే చాలు సుక్కమ్మ పొట్టేలుపిల్ల నుంచి మొదలుపెట్టేది. అందుకని ఆ మాట ఎత్తడమే మానుకున్నాడు.

ఇదిలా ఉండగా, పోయిన చెయ్యికి దురద మొదలైంది.

నిజానికి ఆ చెయ్యి పోయినట్టు గుర్వయ్యకు ఏనాడూ అనిపించలేదు. అది ఉన్నట్టే ఉండేది. చెంబు అందుకోబోయేది, చెంబు కింద పడేది. కుక్క మీదికి వస్తే రాయి ఎత్తేది, కుక్క మాత్రం లెక్కచేసేది కాదు. కల్వకుర్తి బస్సులో పక్కన కూర్చున్న పెద్దమనిషితో గుర్వయ్య ఒకసారి, "జర జరుగుండ్రి పటేలా, నా చేతి మీద కూసున్నరు," అన్నాడు. ఆ పెద్దమనిషి ముందు తన కిందికి చూసుకున్నాడు. తర్వాత గుర్వయ్య మోచేతి కింది మొండి చూశాడు. ఆ తర్వాత దారంతా నిలబడే వచ్చాడు.

ఉన్నట్టు ఉండడం వరకు బాగానే ఉంది. దురద పెడితే గోకుకోవడానికే జాగా లేదు. అరచేతి నడుమ, సరిగ్గా ముల్లు దిగిన చోట, చీమలు పాకినట్టు దురద. మొండి గోకాడు, తగ్గలేదు. గాలిలో గోకాడు, చూసినవాళ్లు నవ్వారు. దురద పోయేదాకా గడ్డం గీయించుకోనని కురుమూర్తి స్వామికి మొక్కుకున్నాడు. గడ్డం రొమ్ము మీదికి దిగింది గానీ దురద దిగలేదు.

"సుక్కీ, చెయ్యి దురద పెడుతాందే," అనేవాడు.

"ఏ చెయ్యి? పులి తిన్నదా, మొసలి తిన్నదా?" అనేది సుక్కమ్మ ముద్ద కలుపుతూ. "ఏనుగు తిన్నదైతే పెద్దగుంటది, దురద గూడ ఎక్కువనే ఉంటది."

ఊళ్లో ఇలాంటి చిక్కులకు బిక్షమ్మవ్వ ఉండేది. చావుకైనా పుట్టుకకైనా ఆమె చెప్పిందే పద్ధతి. గాలిలో గోకుతున్న గుర్వయ్యను చూసి ఆమె నవ్వలేదు. గడప మీద కూర్చొని చాలాసేపు ఆలోచించింది.

"చెయ్యి సచ్చిపాయె గదరా. మరి దానికి దినాలెవలు జేసిండ్రు?"

"చేతికి దినాలేంది అవ్వా?"

"మనిషికి జేస్తం. చెయ్యి మనిషిది గాదా? సావు జేయకపోతే అది ఎటు పోవాల్నో తెల్వక నీ సుట్టే తిరుగుతాంది. దురద గాదు బిడ్డా అది, పిలుస్తాంది."

ఈ మాట ఊరికి నచ్చింది. కోడి కోస్తారు, కల్లు తెస్తారు, ఎవరూ ఏడవనక్కరలేదు. ఇటువంటి చావు రోజూ దొరకదు. అయితే పద్ధతి ప్రకారం చేయాలంటే కర్మ చేసే వారసుడు ఎవరన్న పేచీ వచ్చింది.

"ఎడమచెయ్యి తమ్ముడైతది గద," అన్నాడు మంగలి దశరథం, పొదిలో కత్తి సర్దుకుంటూ. "తమ్ముడే జేయాలె."

"మరి నా గాజులు?" అంది సుక్కమ్మ. "కుడిచేతియి తియ్యాల్నా, ఎడమచేతియి తియ్యాల్నా? అవ్వా, నువ్వే చెప్పు, సగం ముండమోసిన్నా, పావు ముండమోసిన్నా?"

"నువ్వు ఊకో పిల్లా. అన్నిట్ల పరాచికాలేనా," అని బిక్షమ్మవ్వ కసిరింది. కసిరాక, జవాబు తెలియలేదని ఎవరూ గమనించకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

దినం నాడు ఊరి బయట బండ దగ్గర పొయ్యి పెట్టారు. చచ్చినవాళ్లకు ఇష్టమైనవి విస్తరిలో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా చూడాలి. దాన్నే పిట్టకు పెట్టుడు అంటారు. కాకి ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిపోయిందన్న మాట.

"చేతికి ఏమిష్టం?" అని బిక్షమ్మవ్వ అడిగింది.

"కల్లుముంత," అంది సుక్కమ్మ. "దొరకబట్టిందంటే ఇడిసేది గాదు. ఉంగరం మాత్రం ఆ ముంత కొరకే ఇడిసింది పాపం."

గుర్వయ్య ఎడమచేత్తో పొయ్యిలోకి పుల్ల తోశాడు.

విస్తరిలో అన్నం, కోడికూర, పక్కన కల్లుముంత పెట్టారు. కాకి రాలేదు. వచ్చేలోగా క్షవరం కానిద్దామన్నారు. గడ్డం మీద మొక్కు ఉందని గుర్వయ్య గుర్తుచేస్తే, "సావు క్షవరానికి మొక్కు అడ్డం రాదు, స్వామికి నేను జెప్పుకుంట," అని బిక్షమ్మవ్వ పూచీ పడింది.

దశరథం ఎదురుగా గొంతుక్కూర్చొని గడ్డం మొదలంటా కత్తిరించాడు. నీళ్లతో తడిపి కుడిచెంప రుద్దాడు. కత్తి పెట్టి గీయబోయాడో లేదో గుర్వయ్య ఉలిక్కిపడ్డాడు.

"చేతి మీద నీళ్లు పోస్తున్నవేందిరా?"

"చెయ్యేది మామా? ఇది మొహం."

"మొహం గాదురా. వేళ్ల సందుల నుంచి కారుతున్నయి."

దశరథం బండ చుట్టూ ఉన్నవాళ్ల వైపు చూసి కన్ను కొట్టి, కత్తి కిందికి లాగాడు.

"ఇగో, ఇప్పుడు బొటనవేలు మీదికెల్లి దిగినవ్," అన్నాడు గుర్వయ్య. "ఇగ అరచెయ్యి... గక్కడ... జర గక్కడ్నే గీకు. అబ్బ. గట్లనే గీకు దశరథా, ఆపకు."

బండ దగ్గర ఉన్నవాళ్లు పొట్టలు పట్టుకొని నవ్వారు. చచ్చిన చెయ్యి తన దినం నాడే లేచి వచ్చి క్షవరం చేయించుకుంటోందన్నారు. ఈ అబద్ధం ఏనుగు కంటే పెద్దదన్నారు. బిక్షమ్మవ్వ మాత్రం భయపడి రెండడుగులు వెనక్కి వేసింది. ఆ గోలలో కాకి ఎప్పుడు వచ్చిందో, కోడిముక్క ఎప్పుడు ఎత్తుకుపోయిందో ఎవరూ చూడలేదు. అది కాకి పనా, కోడికూర వాసన తగిలిన మనిషి పనా అన్నది జీలకుంటలో నేటికీ తేలలేదు.

నవ్వనిది ఒక్క సుక్కమ్మే. ఆమె మొగుడి కళ్ల వైపు చూస్తోంది. గుర్వయ్య అబద్ధం చెప్పేటప్పుడు ఆయన కళ్లు పెద్దవై, ఎవడు నమ్ముతున్నాడు, ఎవడు నమ్మడం లేదు అని ఒక్కొక్కరినే తడుముతూ తిరిగేవి. అది ఆమెకు తన వేళ్లంత బాగా తెలుసు. ఇప్పుడు ఆయన కళ్లు మూసుకొని ఉన్నాడు. కత్తి కింద చెంప పెట్టి, కుడితి తాగిన దూడలా కదలకుండా కూర్చున్నాడు.

ఇప్పటి డాక్టర్లను అడిగితే ఇందులో వింతేమీ లేదంటారు. మెదడులో ఒళ్లంతటికీ వాటాలు పంచి ఉంటాయి. కాలికి ఇంత, నాలుకకు ఇంత, వేళ్లకు ఇంత అని. ఒంటి మీద మొహానికీ చేతికీ మూరెడు ఎడం ఉన్నా, మెదడులో వాళ్లిద్దరివీ పక్కపక్క చేన్లు. చెయ్యి పోతే దాని చేను పడావు పడుతుంది. పక్క చేను ఖాళీగా ఉంటే ఏ రైతు ఊరుకుంటాడు? మొహం మెల్లగా గట్టు జరిపి దున్నుకోవడం మొదలుపెడుతుంది. ఇక చెంప మీద నీళ్లు పోస్తే అటు చెంప చేనూ తడుస్తుంది, ఇటు చెయ్యి చేనూ తడుస్తుంది. చెయ్యి లేదన్న కబురు కంటికి అందినా ఆ చేనుకు అందదు. గుర్వయ్య నెత్తిలో నడిచింది ఇదే. ఆ సంగతి సుక్కమ్మకు తెలియదు. ఆమెకు తెలిసింది మొగుడి అబద్ధాలు. వాటితోనే ఆమె లెక్క తేల్చుకోబోయింది.

మర్నాడు గొర్రెలను తోలుకపోయే ముందు ఆయనను వాకిట్లో కూర్చోబెట్టింది. తన పాత చీరపేలిక కళ్లకు కట్టింది.

"ఏం జేస్తున్నవే?"

"ఊకో. ఏడ ముట్టుకుంటే ఏ వేలో చెప్పు."

చీపురుపుల్లతో కుడిచెంప ఎముక మీద తాకింది. బొటనవేలు అన్నాడు. ముక్కు పక్కకు జరిపింది. చూపుడువేలు అన్నాడు. చెప్పిన చోటల్లా ఆమె కాటుకతో చుక్క పెట్టింది. తర్వాత పేలిక విప్పి, ఒక్క మాటా చెప్పకుండా పంపించింది. గుర్వయ్య ఆ చుక్కల సంగతి మరిచిపోయి మంద వెంట పోయాడు. బాట మీద ఎదురైన దశరథం నిలబడి చూశాడు.

"ఏం మామా, దిష్టి తగులుతదని అత్త సుక్కలు పెట్టిందా? పిల్లగాండ్లకు ఒకటే పెడుతరు. నీకు మొహం నిండ పెట్టింది."

"అందం ఎక్కువైతే ఎక్కువనే పెట్టాలెరా," అన్నాడు గుర్వయ్య.

మరుసటి పొద్దున సుక్కమ్మ మళ్లీ కళ్లకు గంత కట్టింది. ఈసారి వరస మార్చింది. చూపుడువేలి చుక్కతో మొదలుపెట్టి బొటనవేలి చుక్కకు వచ్చింది. చెరిగిపోగా మిగిలిన చుక్కల మీదనే పుల్ల పెడితే, ఏ చుక్కకు ఏ వేలు చెప్పాడో అదే చెప్పాడు. ఎడమచెంప మీద తాకింది.

"అది చెంపే," అన్నాడు.

పుల్ల గాలిలోనే పట్టుకొని, "ఇప్పుడేది?" అని అడిగింది.

"ముట్టనే లేదు గదనే."

సుక్కమ్మ పుల్ల దించింది. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఈ మనిషి చెప్పిన ఏ కథా రెండోసారి అదే తీరుగా చెప్పలేదు. చిరుతపులి మారింది, నది మారింది, తోడేలు ఒకసారి ఆడది, ఒకసారి మగది. నిన్న చెప్పిన మాట ఇవాళ గుర్తుంటే గుర్వయ్య గుర్వయ్యే కాడు. అటువంటి వాడు కళ్లకు గంత కట్టుకొని, వేలు మారకుండా, చుక్క తప్పకుండా చెబుతున్నాడు. ఇది అబద్ధమైతే ఎప్పుడో మారిపోయి ఉండేది.

"నిజంగనే ఉందా?" అంది మెల్లగా, గంత విప్పకుండానే.

"చెప్పవడితిని గదనే ఇన్నొద్దుల సంది."

ఆమె మళ్లీ పుల్ల ఎత్తింది. ఈసారి పరీక్ష కోసం కాదు, ఊరికే. చెంప మీదుగా కిందికి, ఇంకా ఎక్కడిదాకా చెయ్యి ఉందో చూద్దామని దవడ అంచుకు, దాని అడుగుకు దించింది. నిన్న ఆమె అంతదూరం పోలేదు. అక్కడ పుల్ల తగలగానే గుర్వయ్య తల వెనక్కి లాక్కున్నాడు.

"మెల్లగనే సుక్కీ, ఉంగరం కొరుకుతాంది."

అన్నాక నాలుక కరుచుకున్నాడు. గంత కింద కళ్లు గట్టిగా మూసుకొని, పొట్టేలుపిల్ల కథ మొదలవుతుందని భుజాలు ముడుచుకొని కూర్చున్నాడు.

కథ మొదలు కాలేదు. వాకిట్లో మేకపిల్ల ఒకటి అరిచి ఊరుకుంది.

"ఏ వేలుకు?" అంది సుక్కమ్మ.

"చిటికెన వేలుకు. ఇంకేడ పడ్తది మీ నాయిన ఉంగరం? ఆ వేలు ఉబ్బినప్పటి సంది గట్లనే పట్టుకోనున్నది. నీకు చెప్తే మళ్ల..." ఆగిపోయాడు. "ఉంగరం మాట నేనెత్తలే. పుల్ల ఎత్తింది."

కల్లు దుకాణంలో దిగిన ఉంగరం వేలిని కొరకదు. దుకాణంలోనే పడి ఉంటుంది. సుక్కమ్మ తీర్పు అంతే. ఆ తీర్పులో బొక్కలు వెతకడానికి కల్వకుర్తిలో వకీళ్లు ఉన్నారు గానీ ఆమె వాళ్లను అడగలేదు. లేచి లోపలికి పోయి ఆముదం గిన్నె తెచ్చింది.

"గంత విప్పకు," అంది.

దవడ కింద ఆముదం రాసింది. ఉబ్బిన వేలికి రాసినట్టు చుట్టూ తిప్పి తిప్పి రాసింది. తర్వాత రెండు వేళ్లతో ఆ చోట పట్టుకొని, అటు ఇటు మెలితిప్పుతూ గడ్డం కొసవైపు మెల్లగా లాగింది. గుర్వయ్య పళ్లు బిగించాడు.

"కణుపు కాడ పట్టింది," అన్నాడు.

"తెలుసు. ఊపిరి ఇడువు."

మళ్లీ ఇంత ఆముదం పోసి ఒక్కసారి లాగింది. గుర్వయ్య నోట్లోంచి పెద్ద ఊపిరి వచ్చింది. ముల్లు గుచ్చుకున్న నాటి నుంచి బిగబట్టుకొని ఉన్న పిడికిలి, లేని పిడికిలి, వేలు వేలుగా విచ్చుకుంది. ఆయన గంత తోసేసుకొని కళ్లు తెరిచేసరికి సుక్కమ్మ కొంగు చివర ముడి వేసుకుంటోంది.

ఆ రోజు నుంచి ఉంగరం మళ్లీ కొరకలేదు. దురద మాత్రం అప్పుడప్పుడు వచ్చేది. వస్తే అన్నం ముద్ద నోట్లో పెట్టాక సుక్కమ్మ అదే చేత్తో చెంప మీద, ముల్లు దిగిన చోట, రెండు గీకులు గీకేది. దశరథం గడ్డం గీయడానికి వస్తే ఆ పక్క ఇంకాసేపు గీయమని గుర్వయ్య బతిమాలేవాడు. సంతలో ఎవరైనా చెయ్యి సంగతి అడిగితే పులి, మొసలి, ఏనుగు మామూలుగానే తిరిగేవి. ఆముదం సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. అది ఎవడు నమ్ముతాడు?

ఒకటే ఆయనకు అంతుపట్టలేదు. సుక్కమ్మ కొంగు ముడి. చీర మారితే ముడి కొత్త కొంగులోకి మారేది గానీ మాయమయ్యేది కాదు.

"అండ్ల ఏమున్నదే?" అని ఒకనాడు అడిగాడు.

"ఉంగరం."

"ఏదీ, సూపియ్."

"నువ్వు ముందు చెయ్యి సూపియ్," అంది సుక్కమ్మ, చేటలో బియ్యం చెరుగుతూ. "అటెన్క నేను ఉంగరం సూపిస్త."